పోపులో ఆవాలనూ లెక్కరాయించే పుస్తకం

ఇంగ్లండ్‌లో చిన్న టిఫిన్ సెంటర్ పెట్టాలనుకునే తెలుగువారు ముందుగా అడిగేది లైసెన్సుకు ఎంతవుతుందని. తిండి వండి అమ్మడం వరకే అయితే అక్కడ కావలసింది లైసెన్సు కాదు, నమోదు. వ్యాపారం మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందు స్థానిక కౌన్సిల్‌కు వివరాలు పంపాలి. దానికి రుసుము లేదు, కౌన్సిల్ నిరాకరించడమూ ఉండదు. మద్యం అమ్మాలన్నా, రాత్రి 11 దాటాక తెల్లవారుజామున 5 లోపు వేడి ఆహారం అమ్మాలన్నా మాత్రం 2003 నాటి లైసెన్సింగ్ చట్టం కింద విడిగా అనుమతి తీసుకోవాలి. మేము రాత్రి తొమ్మిదికే కట్టేస్తాం కనుక ఆ జోలికి పోలేదు.

అసలు పరీక్ష నమోదు తరువాత వస్తుంది. కౌన్సిల్ అధికారి ముందుగా చెప్పకుండా వచ్చి, వంటింటిని, వండే పద్ధతిని, మన రాతకోతలను చూసి 0 నుంచి 5 వరకు రేటింగు ఇస్తారు. గిన్నెలు అద్దంలా మెరుస్తున్నా, ఏ పని ఎలా చేస్తున్నామో కాగితం మీద చూపలేకపోతే రేటింగు తగ్గుతుంది. ఆ కాగితాల కోసం అక్కడి ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ ఉచితంగా ఇచ్చే ‘సేఫర్ ఫుడ్, బెటర్ బిజినెస్’ అనే పుస్తకం గురించే ఈ సమీక్ష. దీనిలో భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక వంటకాలు చేసే హోటళ్లకు ప్రత్యేకమైన ప్రతి ఉంది. మేము వాడుతున్నది అదే.

1972లో ఉగాండా నుంచి వెళ్లగొట్టబడిన ఆసియావాసులను తమ ఊరికి రావద్దని కోరుతూ ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగర కౌన్సిల్ ఉగాండా ఆర్గస్ పత్రికలో ప్రకటన వేయించింది. 2021 జనగణన నాటికి ఆ నగర జనాభాలో 43.4 శాతం మంది ఆసియా మూలాలవారు. రావద్దన్న దేశంలోనే మన వంటకు విడిగా పుస్తకం వేయవలసి వచ్చిందని, దాన్ని తెరిచిన ప్రతిసారీ నాకు కొంచెం నవ్వొస్తుంది.

పుస్తకంలోని గొప్పతనమంతా ‘మీరు దీన్ని ఎలా చేస్తారు?’ అనే ఖాళీ గడిలో ఉంది. ఒక పక్క జాగ్రత్త, దాని పక్కన కారణం, ఆ తరువాత మనం నింపవలసిన చోటు. పులిహోర సంగతే తీసుకోండి. చింతపండు పులుపు ఉంది కనుక ఇది రెండు రోజులైనా పాడవదని మా అమ్మమ్మ నమ్మకం, ఒకప్పుడు నా నమ్మకమూ అదే. అయితే వండిన అన్నం బయట ఆలస్యంగా చల్లారితే అందులో బ్రతికి ఉన్న బ్యాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం తయారుచేస్తాయని, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదని తెలిశాక, అన్నాన్ని వెడల్పు పళ్లేల్లో పలుచగా పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా వాడేయడం మొదలుపెట్టాం. ఆ గడిలో రాసిందీ అదే.

అలర్జీల విషయంలో మన వంట ఇంగ్లీషువారి వంటకంటే చిక్కైనది. అక్కడి చట్టం చెప్పి తీరాలన్న 14 పదార్థాలలో ఆవాలు, నువ్వులు, వేరుశనగ ఉన్నాయి. అంటే పోపు పెట్టిన ప్రతి కూరా, పల్లీ చట్నీ, నువ్వుల పొడి అన్నీ పట్టికలోకి ఎక్కవలసిందే. నేను పొరపాటు చేసింది వీటిలో కాదు, ఇంగువలో. గోధుమపిండి కలిసిన ఇంగువ డబ్బా వాడుతూనే సాంబారులో గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీన్) లేదని రాసేశాను. అధికారి డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదివి చూపించేదాకా నాకు తట్టలేదు. 2021 అక్టోబరు నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, దుకాణంలోనే ప్యాక్ చేసి అమ్మే కారప్పొడి పొట్లం మీద కూడా పదార్థాలన్నీ రాసి, అలర్జీ కలిగించేవి ప్రస్ఫుటంగా కనిపించేలా అచ్చువేయాలి. చేతిరాతతో ఇన్ని పొట్లాలకు రాయడం విసుగు పుట్టించే పని. మేము లేబుల్ యంత్రం కొన్నాం.

లోపం చెప్పమంటే భాష గురించే చెబుతాను. పుస్తకం తెలుగులో లేదు, వంటింట్లో రోజూ చదవవలసినవారికి అందులోని ఇంగ్లీషు అంత సులువూ కాదు. రాత్రంతా పులిసే దోసెల పిండికి సంబంధించిన పద్ధతి, ఎంతసేపు బయట ఉంచాలి, ఏ వాసన వస్తే పారబోయాలి అన్న వివరాలతో సహా, మేమే పూర్తిగా రాసుకొని చేర్చుకున్నాం. ఆ పేజీ ఎదుట గోడకు తెలుగు చీటీ అంటించాం. మా వంటావిడ చూసుకొనేది దాన్నే. రోజూ తెరిచేటప్పుడు, మూసేటప్పుడు చేయవలసిన తనిఖీలు ముగించి డైరీలో సంతకం పెట్టేదీ ఆవిడే. నాలుగు వారాలకోసారి నింపవలసిన సమీక్ష పేజీ మాత్రం నా వంతు.