తొమ్మిదేళ్లు, మూడు పాత కార్లు, ఎండిపోయిన రబ్బర్ల లెక్క

ముందే చెప్పేస్తా, నేను మెకానిక్‌ని కాదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, ఆదివారం మాత్రం కారు కింద. తొమ్మిదేళ్ల క్రితం ఒక చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, తర్వాత ఒక డీజిల్ సెడాన్ వచ్చి చేరింది, మూడోది పాత పెట్రోల్ ఫోర్ వీల్ డ్రైవ్, అది ఎందుకు కొన్నావని మాత్రం అడక్కండి, ఇంట్లో ఆ ప్రశ్నకి ఇంకా జవాబు చెప్పుకుంటూనే ఉన్నా. ఏ కంపెనీవో రాయట్లేదు, ఎందుకంటే పదిహేనేళ్లు దాటాక ఏ బండికైనా దాదాపు ఇవే రోగాలు.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే ఇంజన్ గురించి భయపడి కొంటాం, కానీ ఇంజన్ ఏం చెయ్యదు పాపం. మూడింట్లో ఒక్కదానికీ ఇప్పటిదాకా హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పలేదు. నన్ను ఏడిపించినవన్నీ రబ్బర్లు, ప్లాస్టిక్ ముక్కలు, తుప్పు పట్టిన ఎర్త్ వైర్లు.

హ్యాచ్‌బ్యాక్ సంగతే చూడండి. నాలుగు రోజులు పక్కన పెడితే సెల్ఫ్ తిరగదు, టిక్ టిక్ అంటుంది అంతే. బ్యాటరీ పోయిందని కొత్తది వేయించా, మళ్ళీ అదే కథ. డైనమో చార్జింగ్ ఇవ్వట్లేదని ఒకాయన చెప్తే అదీ రిపేర్ చేయించా, అప్పుడు కూడా మీటర్ పెట్టి చూడాలన్న బుద్ధి పుట్టలేదు, ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టుల పైన వస్తుంటే డైనమో బానే ఉన్నట్టు, ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఆ ఖర్చు మిగిలేది. చివరికి మల్టీమీటర్ తెచ్చి, నెగటివ్ వైరు తీసి, మీటర్‌ని 10 ఆంప్స్ పోర్టులో పెట్టి మధ్యలో కలిపి, లాక్ చేసి అరగంట ఆగా. ఆగడం ముఖ్యం, లోపల ఉన్న కంప్యూటర్లు నిద్రపోడానికి టైం పడుతుంది. మామూలుగా 50 మిల్లీ ఆంప్స్ లోపు ఉండాలి, నాకు 430 చూపించింది. ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతే లోపలి లైట్ల ఫ్యూజు దగ్గర ఠక్కున 30కి పడింది. కానీ లోపల చూస్తే లైట్లన్నీ ఆఫ్. అప్పుడు వెలిగింది బుర్రలో బల్బు, ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూసేశా. తీసి చూస్తే ఏముంది, మూసిన డిక్కీలో లైటు హాయిగా వెలుగుతోంది. డిక్కీ తలుపు మూసినప్పుడు లైటు స్విచ్‌ని నొక్కే చిన్న రబ్బరు బుడిపె అరిగి సగమైపోయింది, అందుకే స్విచ్ పూర్తిగా నొక్కుకోవట్లేదు. 5 వాట్ల బల్బు అంటే 0.4 ఆంప్స్, 45 ఆంపియర్ అవర్ బ్యాటరీకి నాలుగైదు రోజుల భోజనం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి అంటించా. నాలుగేళ్లయింది, అది ఇంకా ఊడలేదు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఇంకో రకం. కొన్న రెండు నెలలకి చెక్ ఇంజన్ లైటు, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) ఇంజన్ స్పీడు పైకీ కిందకీ ఊగడం. స్కానర్ (బండి కంప్యూటర్ ఇచ్చే కోడ్‌లు చదివే పరికరం) పెడితే పి0171 అనే కోడ్, అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ గాలి ఎక్కువ. నేనేం చేశానంటే అందరూ చేసేదే, ఆక్సిజన్ సెన్సర్ మార్చేశా. తగ్గలేదు. ప్లగ్గులు మార్చా. తగ్గలేదు. అప్పుడు స్కానర్‌లో లైవ్ డేటా ఉంటుందని గుర్తొచ్చి ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే లెక్క) చూస్తే ఐడిల్‌లో ప్లస్ 22 శాతం, యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే 5. అంటే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతోంది. ఐడిల్‌లో లోపలికి పోయే గాలే తక్కువ కాబట్టి ఆ కాస్త లీకూ పెద్దగా కనిపిస్తుంది, రేజ్ చేస్తే అసలు గాలి ముందు అది లెక్కలోకి రాదు. ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారి) కింద, చెయ్యి దూరని చోట, వంపు తిరిగిన ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంది, పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది, వేలితో కింద తడిమితే గోరు పట్టేంత చీలిక. సెన్సర్ ధరలో పదో వంతు కూడా లేదు ఆ గొట్టం. కోడ్ రోగం పేరు చెప్పదు, లక్షణం చెప్తుంది, ఈ ఒక్క మాట నాకు రెండు నెలల జీతం లోంచి కొంచెం కొరికి మరీ నేర్పింది.

అదే బండికి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు) తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయిందేమోనని రెండు రాత్రులు నిద్ర లేదు. తీరా చూస్తే రేడియేటర్ మూత. దానికుండే రబ్బరు వాషర్ గట్టిపడి ప్రెజర్ ఆపలేకపోతోంది. మూత సరిగ్గా పట్టి ఉంచితే లోపలి నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 దగ్గర్లో మరుగుతాయి, పట్టకపోతే ముందే మరిగి రిజర్వ్ ట్యాంకులోంచి బయటికి పొర్లుతాయి. (ఇంజన్ వేడి మీద ఉండగా ఆ మూత తియ్యొద్దు, మొహం కాలుతుంది.)

డీజిల్ దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి మొండికేస్తే డీజిల్ ఫిల్టర్ దగ్గర ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) మార్చా, గాలి పీల్చడం ఆగింది, అంతే. అన్నిట్లోకీ ఇదే బుద్ధిమంతురాలు.

టైమింగ్ బెల్ట్ (ఇంజన్‌లో పిస్టన్లకీ వాల్వులకీ తాళం తప్పకుండా చూసే బెల్టు) మాత్రం జోక్ కాదు. అమ్మేవాళ్ళు అందరూ ఇప్పుడే మార్పించామండీ అంటారు, బిల్లు చూపిస్తే సరే, లేకపోతే మార్చనట్టే లెక్క. కిలోమీటర్లు తక్కువ తిరిగింది కదా అని ఊరుకోవద్దు, అదీ రబ్బరే, కూర్చోబెట్టినా వయసు అయిపోతుంది. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వుల్ని గుద్దుతాయి, అప్పుడు ఇంజన్ ఏం చెయ్యదు అన్న నా మాట పనికిరాదు. టైర్లూ అంతే, పక్కన అంకెల చివర నాలుగు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది, పైన గాట్లు ఎంత లోతుగా ఉన్నా పాతబడ్డదే. బ్రేక్ ఆయిల్ రబ్బరు కాదు గానీ దానికీ వయసుంటుంది, గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం అయితే కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలకి మరిగేది, తడి పట్టాక 155కి దిగొచ్చు. అందుకే మూడింటికీ రెండేళ్లకోసారి మార్చేస్తా.

సామాన్ల సంగతి. నూటెనిమిది ముక్కల పానాల సెట్ కొనొద్దు, అందులో పది ముక్కలే వాడతాం, మిగతావి పెట్టెలో గలగలమంటాయి. మల్టీమీటర్, టార్క్ రెంచ్ (బోల్టుని ఎంత బిగించాలో కొలిచి బిగించే పానా), స్కానర్, కారుని పైన ఆపి ఉంచే స్టాండ్లు రెండు జతలు చాలు. ఒట్టి జాకీ నమ్ముకుని కారు కింద దూరొద్దు, నాదోసారి మెల్లగా దిగిపోయింది, అదృష్టం బాగుండి అప్పటికి చక్రం తియ్యలేదు, నేను లోపల లేను.

మూడు కార్లు ఉండటం వల్ల లాభం ఏంటంటే ఏదో ఒకటి నడుస్తుంది కాబట్టి కంగారు లేకుండా రిపేర్ చేసుకోవచ్చు. నష్టం ఏంటంటే కంగారు లేదు కాబట్టి ఏదీ పూర్తవ్వదు. ఒక నెలలో మూడూ ఒకేసారి మూలపడ్డాయి. "మూడు కార్లుండీ నడిచి వెళ్ళే ఇల్లు మనదొక్కటేనండీ" అంది మా ఆవిడ. ఇన్సూరెన్సులు మూడు, బ్యాటరీలు మూడు, చోటు మాత్రం రెండింటికే. రోజూ టైముకి ఆఫీసుకెళ్ళాలి, ఉన్నది ఒక్క బండే అనేవాళ్ళు ఈ సరదా పెట్టుకోకండి.

హ్యాచ్‌బ్యాక్ ఇప్పుడు స్టాండ్ల మీదే ఉంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది కమ్మీ) బుష్‌లు, అంటే దాని చివర్ల రబ్బర్లు, మళ్ళీ చిరిగాయి, వేసి ఎనిమిది నెలలే. తప్పు నాదే, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేశా, కారు కిందకి దించాక రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోయి చిరిగిపోయింది. కొత్తవి వచ్చేశాయి, ఈ ఆదివారం బోల్టులు చేత్తో తిప్పి వదిలేసి, చక్రాల కింద దిమ్మెలు పెట్టి, బరువంతా పడ్డాకే టార్క్ రెంచ్ తీస్తా.