ముల్లు లేని గ్రామఫోనుకి 232 డాలర్లు

మిసిసిపిలోని క్లార్క్స్‌డేల్ వెళ్లి, ఫొటోల్లో ముచ్చటగా కనిపించే పాతకాలపు చెక్క ఇళ్లలో దిగుదామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మేం కట్టాక నేర్చుకున్నాం.

డాలస్‌లో మా ఆఫీసుకి పది నిమిషాల నడకలో, 508 పార్క్ ఎవెన్యూలో, ఒక పాత మేడ ఉంది. 1937 జూన్‌లో బ్లూస్, అంటే అమెరికా నల్లవాళ్ల పాటలు, పాడే రాబర్ట్ జాన్సన్ అందులో కూర్చుని 13 పాటలు రికార్డు చేశాడు. అంతకు ముందు నవంబరులో శాన్ ఆంటోనియోలో పాడినవి 16. మొత్తం 29 పాటలే. 1938లో, 27 ఏళ్లకే పోయాడు. ఆ మేడ పక్కనుంచే ఆరేళ్లుగా భోజనానికి వెళ్తున్నా నాకీ సంగతి తెలియదు. తెలిశాక అతను తిరిగిన మిసిసిపి ఊళ్లు చూడాలనిపించింది. "సమాధి చూడ్డానికి ఏడు గంటలు కారు నడుపుతారా?" అంది మా ఆవిడ. తెనాలి నుంచి వచ్చిన నాన్నగారు మాత్రం "అక్కడ ప్లేట్లు వినిపిస్తార్రా?" అని అడిగి స్వెట్టరు సర్దుకున్నారు. మా తాతయ్య కొన్న కీ ఇచ్చే గ్రామఫోను, నాటక పద్యాల ప్లేట్లు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి.

అందుకే క్లార్క్స్‌డేల్‌లో ఆ గది బుక్ చేశాను. ఫొటోలో కొమ్ము గ్రామఫోను, పక్కన ప్లేట్ల దొంతర. "పనిచేస్తుంది, పెట్టుకుని వినండి" అని కింద రాశారు కూడా. రాత్రికి 129 డాలర్లు. డబ్బు కట్టే పేజీకి వెళ్లేసరికి శుభ్రం చేసినందుకు 60, సర్వీసు ఫీజు 28, పన్ను 15. వెరసి 232.

శుభ్రం సంగతి వదిలేయండి, స్నానాలగదిలో బొద్దింకలు మాకంటే ముందే దిగి ఉన్నాయి. కిటికీ ఏసీ రాత్రంతా ధాన్యం మిల్లులా మోగింది. అదీ భరించాం. నాన్నగారు చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, గ్రామఫోను దగ్గర కూర్చున్నారు. కీ తిప్పితే తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు. లోపల స్ప్రింగు తెగింది. సౌండు బాక్సు ఎత్తి వేలితో తడిమి, "ముల్లేదిరా?" అన్నారు. సొరుగులన్నీ వెతికాం, లేదు. పాత ఇనుప ముల్లు ఒక్క వైపు వాయిస్తేనే అరుగుతుంది, మార్చకపోతే ప్లేటు గాడి పాడైపోతుంది. అందుకని డబ్బాలకి డబ్బాలు కొనుక్కునేవారట. ప్లేట్లయినా చూద్దామంటే సగం గోడకే ఉన్నాయి, లేబులు మధ్యలోంచి మేకు దిగేసి! ఆయన దాన్ని చూసిన చూపు నాకింకా గుర్తుంది. "ఎందుకూ పనికిరానివే కొట్టుంటార్లెండి మామయ్యగారూ" అని మా ఆవిడ సర్దిచెప్పబోయింది. "పనికిరానిదాన్ని పారేయాలమ్మా, మేకు కొట్టకూడదు" అన్నారు. ఓనరుకి ఫోన్ చేస్తే అది అలంకారానికి పెట్టిందే అన్నాడు. మరి పనిచేస్తుందని ఎందుకు రాశావయ్యా అంటే చెత్తబుట్ట ఎక్కడుందో చెప్పడం మొదలెట్టాడు.

మర్నాడు డెల్టా బ్లూస్ మ్యూజియం బాగుంది, మడ్డీ వాటర్స్ అనే బ్లూస్ గాయకుడు ఉన్న చెక్క గుడిసెని తెచ్చి లోపల పెట్టారు. గిటారు విద్య కోసం రాబర్ట్ జాన్సన్ సైతానుకి ఆత్మ అమ్ముకున్నాడని కథలు చెప్పుకునే నాలుగు రోడ్ల కూడలికి ఫొటో దిగడానికి ఐదు నిమిషాలు చాలు.

డాకరీకి మాత్రం పొద్దున్నే వెళ్లండి. క్లీవ్‌లాండ్, రూల్‌విల్ ఊళ్ల మధ్య హైవే 8 మీద ఉంటుంది. 1895లో మొదలైన పత్తి తోట. చార్లీ ప్యాటన్ అనే పాత బ్లూస్ గాయకుడు పెరిగింది ఇక్కడే. మేం వెళ్లింది అక్టోబరులో, దారి పొడుగునా పత్తి తీస్తున్నారు. నాన్నగారు కారాపించి, ఒక కాయ గిల్లి, పింజ లాగి చూసి, "మన గుంటూరు పత్తికేం తీసిపోదు" అని తేల్చారు. డాకరీలో పాత జిన్నింగు మిల్లు, గింజల కొట్టు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. టికెట్టు లేదు, అడిగేవాళ్లూ లేరు. ఒకచోట మీట నొక్కితే పాట వస్తుంది.

నొక్కాం. ముందు బరబరమని గోల, తర్వాత గొంతు చించుకుంటున్న ప్యాటన్. "ఏంట్రా, పాట కంటే పకోడీల చప్పుడే ఎక్కువుంది" అన్నారు నాన్నగారు. అది రికార్డు వేసిన కంపెనీ గొప్పదనం. 1929లో ప్యాటన్ చేత మొదట పాడించిన పారమౌంట్ రికార్డుల కంపెనీ అసలు విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే ఫ్యాక్టరీవాళ్లది. గ్రామఫోను పెట్టెలు చేసేవాళ్లు, అవి అమ్ముడుపోవాలని ప్లేట్లు వేశారు. ప్లేటు సరుకు నాసిరకం. ప్యాటన్‌ని వాళ్లకి చూపించింది జాక్సన్ ఊళ్లో కొట్టు నడిపిన స్పీర్ అనే ఆయన. ఇదంతా చెబుతుంటే నాన్నగారు చెయ్యెత్తి ఆపారు. "అయిపోవచ్చింది చూడు, తాళం తొందరపడుతున్నాడు. మూడు నిమిషాలేగా ప్లేటు. మనవాళ్లూ ఇంతే, రాగం తీసేలోపే ముల్లు చివరికొచ్చేది." ఇంకో నాలుగుసార్లు నొక్కించారు. మా ఆవిడ కారులో ఏసీ వేసుకుని కూర్చుంది.

ఆవిడ మూడ్ బాగుపడింది హాట్ టమాలేలతో. మొక్కజొన్న పొట్టులో పిండి, కారం కలిపిన మాంసం పెట్టి చుట్టి ఉడికిస్తారు. రోడ్డు పక్క కొట్లో డజను 14 డాలర్లు. పోర్కా బీఫా అని ముందే అడగండి, మాకు అదృష్టం కొద్దీ చికెన్‌వి దొరికాయి. తొమ్మిది ఆవిడే తింది.

గ్రీన్‌వుడ్ చుట్టుపక్కల రాబర్ట్ జాన్సన్ సమాధులు మూడున్నాయి! మూడూ తిరక్కండి, ఊరికి ఉత్తరాన లిటిల్ జయాన్ చర్చి దగ్గరిది చూస్తే చాలు. చెట్టు కింద రాయి, దాని మీద చిల్లర నాణేలు, గిటారు మీటే పిక్కులు. ఆ రాత్రి ఒక గుజరాతీ కుటుంబం నడిపే మోటెల్లో పన్నుతో 76 డాలర్లకి దిగాం. గోడకి ఏ ప్లేటూ లేదు. నాన్నగారు అడక్కుండానే అల్లం టీ వచ్చింది.

క్లార్క్స్‌డేల్ ఓనరుకి మూడు మెయిళ్లు పెట్టాక 25 డాలర్లు తిరిగిచ్చాడు. దాంతో నాన్నగారికి ముళ్ల డబ్బాలు తెప్పించాను. హ్యాండ్ బ్యాగులో పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో లాక్కుంటారేమోనని ఆయనకిప్పుడు టెన్షన్. రోజుకి రెండుసార్లు సూట్‌కేసు తెరిచి, అడుగున చీరల మధ్య ఉన్నాయో లేదో చూసుకుంటున్నారు.