కోడింగ్ రానివాడు లిబ్రేఆఫీస్‌కి చేయగలిగే పని: కొన్నేళ్ల తర్వాత నా సమీక్ష

నేను ప్రోగ్రామర్‌ని కాదు, అకౌంట్స్ మనిషిని. వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకు పనికొచ్చే లిబ్రేఆఫీస్‌ని పైసా కట్టకుండా వాడుకుంటున్నాం కదా, మనమూ ఏదో ఒకటి చేద్దామని దాని తప్పుల (బగ్‌ల) గురించి రిపోర్టులు పెట్టే బగ్‌జిల్లా సైట్‌లో ఖాతా తెరిచాను. సాఫ్ట్‌వేర్ సంగతి పక్కన పెట్టి, దానికి పని చేయడం ఎలా ఉంటుందో చెప్తాను.

కోడ్ రాసేవాడి దాకా చేరేలోపు ఒక్కో రిపోర్టు వెనక బోలెడు చాకిరీ ఉంటుంది. కొత్తది ఎవరు పెట్టినా ముందు 'అన్‌కన్‌ఫర్మ్‌డ్' అనే ఉంటుంది, ఇంకొకరు తమ సిస్టమ్‌లో అదే తప్పు చూసి అవునంటేనే 'న్యూ' అవుతుంది. ఇందుకు కోడింగ్ అక్కర్లేదు, ఓపిక చాలు. నాకు అన్నిటికంటే నచ్చింది బైబిసెక్ట్, అంటే తప్పు ఏ బిల్డ్‌లో (తయారైన వెర్షన్‌లో) మొదలైందో పట్టుకోవడం. పాత బిల్డ్‌లన్నీ వరసగా దాచిన గిట్ రిపాజిటరీ (వెర్షన్ల భండారం) దించుకుని, ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడినుంచి చెడిందని సగానికి సగం తగ్గించుకుంటూ పోవడమే, వెయ్యి బిల్డ్‌లున్నా పది పరీక్షల్లో తేలిపోతుంది. జీబీలకు జీబీలు డౌన్‌లోడ్ మాత్రం తప్పదు, మొబైల్ డేటాతో పెట్టుకోకండి.

తెలుగువాళ్లు నిజంగా పనికొచ్చేది తెలుగు అక్షరాల దగ్గర. 2017లో వచ్చిన 5.3 నుంచి విండోస్, లినక్స్, మ్యాక్ అన్నిట్లోనూ అక్షరాలు పేర్చేది హార్ఫ్‌బజ్ అనే ఒకే సాఫ్ట్‌వేర్, కాబట్టి ఒత్తు పక్కకు జరిగితే ముందు ఫాంట్ మార్చి చూడండి. ఫాంట్ మార్చినా మారలేదంటారా? తెలుగుకి లెక్కలోకొచ్చేది సీటీఎల్ ఫాంట్ (తెలుగులాంటి సంక్లిష్ట లిపులకు వాడేది), అది క్యారెక్టర్ డైలాగ్‌లో విడిగా ఉంటుంది, బగ్ అనుకుని పరిగెత్తకండి. అది కూడా చూశాక తప్పేనని తేలితే, ఇప్పుడు కనిపిస్తున్నదీ కనిపించాల్సిందీ రెండూ బొమ్మలుగా పెట్టాలి. ఎక్కడో జర్మనీలో కూర్చున్నతనికి 'క్ష్మి'లో ఏది ఎక్కడుండాలో మనం చూపిస్తేగానీ తెలియదు కదా.

విసుగు లేదా అంటే, ఉంది. కొన్ని రిపోర్టులు ఏళ్లతరబడి కదలవు. చాలాకాలం చడీచప్పుడు లేకపోతే కొత్త వెర్షన్‌లో ఇంకా ఉందేమో చూడమని ఆటోమేటిక్ సందేశం వస్తుంది, మొదట్లో అది చూస్తే ఒళ్లు మండేది. ఇప్పుడు ఐదు నిమిషాలు కేటాయించి చూసేస్తాను, ఒక్కోసారి వేరే ఎవరో ఇంకేదో సరిచేస్తుంటే మనదీ దాంతోపాటు పోయి ఉంటుంది.

కోడ్ పంపడం, ఆ కోడ్‌ని పరిశీలించే గెరిట్ సైట్ వగైరా నేను ముట్టుకోలేదు. అనువాదాలు వెబ్లేట్ అనే సైట్‌లో జరుగుతాయి, అది వేరే తరహా పని, నాకు ఎక్కలేదు.

త్వరగా ఫలితం, పేరు కావాలనుకునేవాళ్లకు ఇది పడదు. మొదలుపెట్టేవాళ్లు మాత్రం రిపోర్టుకి జతచేసే ఫైల్ ఎవరైనా చూడగలరని గుర్తుంచుకోండి, ఇంటి అగ్రిమెంటు, జీతాల షీటు లాంటివి అలాగే ఎక్కించకుండా పేర్లు, అంకెలు మార్చేసి, తప్పు ఇంకా వస్తోందో లేదో చూసుకుని పెట్టండి.