"స్క్రీన్ లేని తెలుగు ఆటల పెట్టె" ప్రకటన చూశారా? ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. చలికాలంలో పిల్లలతో ఇంట్లో ఆడుకోవడానికి "ఫోన్ అక్కర్లేని మన తెలుగు ఆటల పెట్టె" అంటూ ఇన్‌స్టాలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక ప్రకటన తిరుగుతోంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకే వెతికి మరీ చూపిస్తున్నట్టున్నారు. దయచేసి కొనకండి. ఇప్పటికే కొనేసినవాళ్ళు మాత్రం ముందు కిందికి వెళ్ళి డబ్బు వెనక్కి తెచ్చుకునే సంగతి చదవండి, దానికి గడువుంది.

మేముండేది మిన్నెసోటాలో. డిసెంబరు వచ్చిందంటే ఇక్కడ నాలుగున్నరకే సూర్యుడు వెళ్ళిపోతాడు, పిల్లలు బడి బస్సు దిగి బూట్లు విప్పేసరికి బయట చీకటి, పార్కు లేదు, సైకిల్ లేదు, ఇక రాత్రి పడుకునేదాకా టీవీ అయినా ఉండాలి టాబ్లెట్ అయినా ఉండాలి. చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే టెన్షన్. వీళ్ళు సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. ప్రకటన ఫోటోలో నున్నటి చెక్క వామన గుంటల పీట, అష్టా చెమ్మా పలక, గవ్వలు, ఎర్రంచు పచ్చీసు గుడ్డ, తెలుగు కథల కార్డులు ఉన్నాయి. కింద "ఏటికొప్పాక కళాకారుల చేతిపని" అని రాశారు. 69 డాలర్లు, షిప్పింగ్ వేరు.

పెట్టె వచ్చాక మొదట పట్టుకున్నది మా అత్తయ్యగారు. తెనాలి నుంచి వచ్చి ఈ చలికాలం మాతోనే ఉన్నారు, చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాలన్నీ వామన గుంటల మీదే గడిపిన మనిషి. పీట చేతిలోకి తీసుకుని, "ఇదేంటే అమ్మాయ్, గుంటలు పన్నెండే ఉన్నాయి, రెండు చివర్లా ఈ తొట్లేంటి?" అన్నారు. మన వామన గుంటల్లో వరసకి ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, చివర్లో తొట్లు ఉండవు. వరసకి ఆరు, చివర్లో రెండు తొట్లు ఉండేది మంకాలా అని ఇక్కడ ఏ బొమ్మల షాపులో అయినా దొరికే ఆట. దానికే తెలుగు అక్షరాల స్టిక్కర్ అంటించి పంపారు. గింజలకి బదులు 48 గాజు పూసలిచ్చారు. గుంటకి ఐదు చొప్పున మనకి 70 కావాలి, నాలుగేసి పెట్టుకున్నా 56. మంకాలా మంచి ఆటే, కాదనను, కానీ అది మూడో వంతు ధరకి దొరుకుతుంది.

అష్టా చెమ్మా ఇంకా అన్యాయం. ఐదు అడ్డం ఐదు నిలువు గళ్ళు సరిగానే వేశారు, కానీ గవ్వల బదులు ఆరు ముఖాల పాచిక పెట్టారు. ఆడినవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఆరు ముఖాల పాచికతో ఎనిమిది ఎలా పడుతుంది? పైగా ఈ ఆటలో లేని ఐదు, ఆరు పడతాయి. ఆట పేరులో ఉన్న అష్టాయే పడని అష్టా చెమ్మా అమ్ముతున్నారు! పచ్చీసు గుడ్డ గురించి చెప్పేదేం లేదు, అది పలచటి గుడ్డ మీద అచ్చేసిన లూడో.

ఇక "స్క్రీన్ లేని" అన్న మాట సంగతి. ఏ ఆటకీ కాగితం మీద నియమాలు లేవు, పెట్టె మూత మీద ఒక క్యూఆర్ కోడ్ ఉంది. కథల కార్డుల మీద బొమ్మ, దాని కింద రెండు వాక్యాలు, మిగతా కథ కావాలంటే ఇంకో క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే యాప్ దించుకోమంటుంది, యాప్ తెరిస్తే పిల్లల పేరు, పుట్టినరోజు, మైక్ అనుమతి అడుగుతుంది. అవి ఇవ్వకపోతే కథ ముందుకెళ్ళదు. అమెరికాలో పదమూడేళ్ళ లోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే ముందు తల్లిదండ్రుల అనుమతి రుజువు చేసుకోవాలని కోపా చట్టం ఉంది, 1998 నాటిది. ఈ యాప్ అడిగింది "నేను పెద్దవాణ్ణి" అని ఒక టిక్కు మాత్రమే. నేను అక్కడే ఆపేసి యాప్ తీసేశాను. పిల్లల్ని ఫోన్ నుంచి దూరం పెట్టడానికి కొన్న వస్తువు వాళ్ళ చేతికి ఫోన్ ఇస్తే తప్ప పని చెయ్యదు, అది మాత్రం నాకు మింగుడు పడలేదు.

ఏటికొప్పాక పేరు వాడుకోవడం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉండే ఆ ఊరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అక్కడివాళ్ళు అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, మొక్కల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని ఆ తిరిగే కర్రకే పట్టిస్తారు, అందుకే అవి చాలావరకు గుండ్రంగా, నున్నగా, అంచులు లేకుండా ఉంటాయి. మాకొచ్చినవి చెక్కపొట్టు అట్టని కోసి పైన ప్రింటు అంటించిన పలకలు, మూలల్లో ఆ ప్రింటు లేచిపోతోంది, ఘాటైన జిగురు వాసన. ఎవరైనా చదునైన చదరపు పలక చూపించి ఏటికొప్పాక లక్క పని అంటే ఒకసారి గట్టిగా అడగండి.

చిన్నపిల్లలున్నవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి. పెట్టె మీద "రెండేళ్ళ నుంచి తాతయ్య దాకా" అని ఉంది, లోపల చూస్తే గొంతులో ఇరుక్కునే సైజు గాజు పూసలు. ఇక్కడ మూడేళ్ళలోపు పిల్లల కోసమని అమ్మే బొమ్మల్లో చిన్న భాగాలు ఉండటమే నిషేధం. పన్నెండేళ్ళలోపు పిల్లల వస్తువు మీద తయారుచేసినవాళ్ళెవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది చెరిగిపోకుండా గుర్తించి ఉండాలి. ఈ పెట్టె మీద ఊరూ లేదు పేరూ లేదు. పెయింట్‌లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదన్న నియమం కూడా ఉంది, కానీ ఎవరు చేశారో తెలియనప్పుడు అది పాటించారని ఎవరిని అడుగుతాం? మా చిన్నదానికి రెండేళ్ళు, పూసలన్నీ ఆ రోజే ఏరి అటక మీద పెట్టేశాను.

అక్కడితో అయిపోలేదు. మరుసటి నెల కార్డు మీద ఇంకో 69 డాలర్లు పడ్డాయి, "జనవరి సంక్రాంతి పెట్టె" అట. డబ్బు కట్టే పేజీలో నెలనెలా పంపమనే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచుతున్నారు, అక్షరాలు లేత బూడిద రంగులో, చూసినా కనపడనట్టు. స్పష్టంగా చెప్పకుండా, అనుమతి తీసుకోకుండా ఆన్‌లైన్‌లో ఇలా ఆటోమేటిక్‌గా డబ్బు లాగకూడదని 2010లోనే రోస్కా అనే చట్టం వచ్చింది. మెయిల్ చేస్తే "డియర్ కస్టమర్, మీ సొంత ఖర్చుతో వస్తువు మా గిడ్డంగికి పంపండి" అన్నారు, గిడ్డంగి అడ్రసు అడిగితే మళ్ళీ అదే మెయిల్.

కొన్నవాళ్ళు ఏం చెయ్యాలంటే, క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే ఆ ఖర్చు చూపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన తేదీ నుంచి 60 రోజుల లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఫోన్ చేసి చెబితే చాలదు. "చెప్పిన వస్తువు వేరు, పంపిన వస్తువు వేరు" అని రాసి, ప్రకటన స్క్రీన్‌షాట్, వచ్చిన వస్తువు ఫోటో పక్కపక్కన పెట్టండి. మా బ్యాంకుకి పద్నాలుగు గుంటలకీ పన్నెండు గుంటలకీ తేడా చెప్పడానికి కొంచెం తంటాలు పడ్డాను, చివరికి పాచిక మీద ఎనిమిది లేదన్నది వాళ్ళకి తొందరగా ఎక్కింది. జనవరి డబ్బు వెనక్కి వచ్చింది, మొదటిది ఇంకా విచారణలో ఉంది. ఆ కార్డు నంబరు కూడా మార్పించుకోండి. జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సౌకర్యం) లాంటి వాటితో పంపినవాళ్ళకి ఇంత రక్షణ ఉండదు, అందుకే వీళ్ళు "జెల్ చేస్తే పది శాతం తగ్గింపు" అంటున్నారేమో. మోసం గురించి వ్యాపార మోసాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీకి, గాజు పూసల గురించి వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ వారి సేఫర్ ప్రొడక్ట్స్ సైట్‌లో విడివిడిగా ఫిర్యాదు పెట్టొచ్చు, డబ్బేమీ అక్కర్లేదు.

ఆటలు కావాలంటే ఈ పెట్టె లేకపోయినా ఏం ఫర్వాలేదు. అత్తయ్యగారు ఇండియన్ స్టోర్ చింతపండు ముద్దలోంచి గింజలు ఏరి (గింజలు తీసేశామని ప్యాకెట్ మీద రాసినా ఎప్పుడూ నాలుగైదు దొరుకుతాయి) ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీసి గవ్వలు చేశారు. అమెజాన్ అట్టపెట్టె వెనక మార్కర్‌తో ఇరవై ఐదు గళ్ళు గీశాం. వామన గుంటలకి రెండు గుడ్ల అట్టలు కత్తిరించి ఏడేసి గుంటలు వచ్చేలా అంటించాం, గింజలకి బదులు రాజ్మా. చిన్నది పడుకున్నాకే అవి బయటికి తీస్తాం. పెద్దోడు నానమ్మ దగ్గర ఓడిపోయి అలుగుతున్నాడు, అది వేరే సంగతి.

ఒక సాయం చెయ్యండి. వాళ్ళు సైట్ పేరు మార్చేసి అదే ఫోటోలతో మళ్ళీ ప్రకటన వేస్తున్నారని మా గ్రూపులో ఇంకొకావిడ చెప్పారు. ఎర్రంచు పచ్చీసు గుడ్డ, దాని పక్కన ఇత్తడి దీపం ఉన్న ఫోటో మీకెక్కడ కనిపించినా, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి కింద పెట్టండి, బ్యాంకు వాళ్ళకి పంపే కాగితాల్లో అవి కూడా జత చేస్తాను.