ఎక్స్-ప్లేన్ 12నా, మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరా? చివరి 500 అడుగుల్లో ఏది మేలు

కంప్యూటర్‌లో విమానం నడిపించే సిమ్యులేటర్ (సిమ్) కోసం కొత్తగా పీసీ కట్టుకున్నవాళ్లు, ఉన్నదాంట్లో గ్రాఫిక్స్ కార్డు మార్చుకున్నవాళ్లు నన్ను అడిగే మాట దాదాపు ఒకటే. “ఎక్స్-ప్లేన్ 12 వేసుకోమంటారా, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వేసుకోమంటారా? ఎఫ్‌పీఎస్ దేంట్లో ఎక్కువ, సీనరీ దేంట్లో బాగుంటుంది?” ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి తెర మీదికొచ్చే ఫ్రేములు (బొమ్మలు), సీనరీ అంటే కింద కనిపించే నేల, ఊళ్లు. ఈ మధ్య ఎస్ఎస్‌డీ మార్చాల్సి వచ్చి రెండింటినీ మొదటి నుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఎలాగూ చేస్తున్నాను కదా అని ఒకే విమానం, ఒకే ఎయిర్‌పోర్టు, ఒకే వాతావరణం పెట్టుకుని మూడు వారాలు రెండింట్లోనూ ఎగిరాను. రెండింట్లోనూ సెస్నా 172 ఉంది కాబట్టి పోల్చడం తేలికైంది.

ముందుగా ఒక మాట. 35 వేల అడుగుల మీద క్రూజ్‌లో రెండు సిమ్‌లూ హాయిగానే నడుస్తాయి. కింద నేల నెమ్మదిగా జరుగుతుంది, ప్రాసెసర్‌కి పెద్ద పని ఉండదు. అక్కడ ఎఫ్‌పీఎస్ చూసుకుని మురిసిపోతే ఒరిగేదేమీ లేదు. సిమ్ సత్తా తేలేది ల్యాండింగ్‌కి ముందు చివరి 500 అడుగుల్లో. ఎయిర్‌పోర్టు భవనాలు, పార్కింగ్‌లో నిలబడ్డ విమానాలు, చుట్టూ ఊరు, చెట్లు, నీడలు అన్నీ ఒక్కసారిగా మీద పడేది అక్కడే. మన చెయ్యి అతి సున్నితంగా కదలాల్సిందీ అక్కడే.

ఒక చిన్న లెక్క చూడండి. ఎయిర్‌లైనర్ 140 నాట్ల వేగంతో దిగుతోందనుకుందాం. అంటే సెకనుకి 236 అడుగులు ముందుకి, మూడు డిగ్రీల గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు) మీద సుమారు 12 అడుగులు కిందికి. ఫ్లేర్, అంటే నేల తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తడం, మొదలుపెట్టేది 30 అడుగుల ఎత్తు దగ్గర. సరిగ్గా అప్పుడు తెర అర సెకను బిగుసుకుపోతే ఆరడుగుల ఎత్తు మనకు తెలియకుండానే కరిగిపోతుంది. ఉన్నదే ముప్పై అడుగులు, అందులో అయిదో వంతు పోయాక చెయ్యి ఎంత తొందరపడినా ఆలస్యమే. సగటు ఎఫ్‌పీఎస్ 55 ఉందా 70 ఉందా అన్నది ఆ క్షణంలో ఎందుకూ పనికిరాదు.

అందుకే నేను ఎఫ్‌పీఎస్ అంకె పక్కన పెట్టి ఫ్రేమ్ టైమ్ చూస్తాను. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3. తూచినట్టు 33 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున వచ్చే ముప్పై ఫ్రేములు చేతికి ఎంతో నమ్మకంగా ఉంటాయి. ఒకటి 15కి, ఇంకోటి 60కి, ఆ తర్వాతది 20కి వస్తుంటే కౌంటర్ ఎంత పెద్ద అంకె చూపించినా ఫ్లేర్ కుదరదు. 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లు సిమ్‌ని 30 దగ్గర లాక్ చేసి ఒకసారి దిగి చూడండి, నేను చెప్పేది చేతికే తెలుస్తుంది.

ఇక ఫ్రేములు ఎందుకు తడబడతాయి? రెండు దారుల్లో. మొదటిది ప్రాసెసర్. ఎన్ని కోర్లున్నా రెండు సిమ్‌లలోనూ బరువు ఎక్కువగా ఒక్క మెయిన్ థ్రెడ్ (ఒక కోర్ మీద వరసగా నడిచే ప్రధాన పని) మీదే పడుతుంది. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ కౌంటర్ తెరిస్తే “లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్” అనో, “లిమిటెడ్ బై జీపీయూ” అనో పైనే రాసి ఉంటుంది. ఎక్స్-ప్లేన్ కూడా సీపీయూ టైమ్, జీపీయూ టైమ్ విడివిడిగా చూపిస్తుంది. అప్రోచ్‌లో (రన్‌వే వైపు దిగేటప్పుడు) మెయిన్‌థ్రెడ్ అని కనిపిస్తుంటే ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టినా ఆ జెర్క్ పోదు. ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్‌3డీ, 7800ఎక్స్‌3డీ లాంటి చిప్‌లకి సిమ్ వాడేవాళ్లలో అంత పేరు రావడానికి కారణం ఇదే. వాటిలో ఉన్న 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) సరిగ్గా ఈ మెయిన్ థ్రెడ్‌కి సాయపడుతుంది. ఈ విషయంలో రెండు సిమ్‌లకీ పెద్ద తేడా లేదు. ట్రాఫిక్ తగ్గించాలి, దూరపు వస్తువుల స్లైడర్ కిందికి దించాలి. మైక్రోసాఫ్ట్‌లో అయితే టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ని (నేల ఎంత వివరంగా కనపడాలన్న సెట్టింగ్) 200 నుంచి 100కి తెచ్చి, గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్‌ని (కాక్‌పిట్ తెరలు మారే వేగం) మీడియంలో పెడితే అప్రోచ్ వెంటనే తేలికపడుతుంది.

రెండో దారి సీనరీ వచ్చే తీరు. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. సీనరీ ఎంత అందంగా ఉందనే ముందు అది ఎక్కడి నుంచి వస్తోందని అడగాలి.

మైక్రోసాఫ్ట్ సిమ్ బింగ్ మ్యాప్స్ ఉపగ్రహ చిత్రాలనీ, నగరాల త్రీడీ ఫొటోగ్రామెట్రీనీ (ఫొటోల నుంచి కట్టిన త్రీడీ రూపాలు) సర్వర్ల నుంచి మనం ఎగురుతుండగానే తెచ్చుకుంటుంది. మొత్తం డేటా పెటాబైట్లలో ఉంటుంది, ఎవరి డిస్క్‌లోనూ పట్టదు. అందువల్ల వచ్చే ఆనందాన్ని తక్కువ చేసి చెప్పను. నేపాల్‌లోని లుక్లా ఎయిర్‌పోర్టుకి దిగి చూడండి. సముద్రమట్టానికి 2,845 మీటర్ల ఎత్తు, 527 మీటర్ల రన్‌వే, అదీ దాదాపు 12 శాతం వాలుతో పైకెక్కుతుంది, ఆ చివర కొండ గోడ. లోయ మలుపు తిరగ్గానే ఎదురుగా కొండ అంచున అతికించిన పట్టీలాగా రన్‌వే కనిపిస్తుంది. పక్కన మెట్టపొలాల గట్లు, రాతిగోడలు, కింద నది. మొదటిసారి చూసినప్పుడు నేను ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు) వేయడం మర్చిపోయాను. 2024 వెర్షన్‌లో నేల ఇంకా మెరుగుపడింది. విమానం దిగి చుట్టూ నడిస్తే రాళ్లు, గడ్డి కాళ్లకి తగులుతాయేమో అనిపిస్తుంది. కంటితో కింద చూసుకుంటూ వీఎఫ్ఆర్ ఎగరాలంటే దీనికి సాటి లేదు. నది, రైలు పట్టాలు, చెరువు, ఊరు ఎక్కడుండాలో అక్కడే ఉంటాయి.

కానీ ఆ అందం నెట్ మీద ఆధారపడి ఉంది. 2024 వెర్షన్‌కి సిఫార్సు చేసిన వేగం 50 ఎంబీపీఎస్, కనీసం 10. అందరూ నెట్ వాడే సాయంత్రం వేళ ఆ వేగం పడిపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. న్యూయార్క్ మీదుగా దిగుతుంటే మాన్‌హాటన్ భవనాలు కరిగిన మైనం ముద్దల్లా వచ్చాయి. నేను దాటి వెళ్లిపోయాక, అద్దంలోంచి వెనక్కి తిరిగి చూస్తే అప్పుడు ఒక్కొక్కటే పదునెక్కాయి. ఒక వైపు రన్‌వే దగ్గరవుతోంది, మరో వైపు ఆలస్యమైన సీనరీ అంతా ఒకేసారి వచ్చి పడుతోంది. 300 అడుగుల దగ్గర మూడు జెర్కులు. గో-అరౌండ్ చేసి (దిగకుండా పైకి లేచి) మళ్లీ వచ్చాను, మళ్లీ అంతే.

ఆ జెర్కుల్లో కొంత పాపం నా సెట్టింగ్స్‌ది కూడా. నా కార్డులో వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) 8 జీబీ, నేను టెక్స్చర్లు (నేల మీద, వస్తువుల మీద పరిచే చిత్రాలు) అల్ట్రాలో పెట్టాను. వీర్యామ్ నిండిపోతే టెక్స్చర్లు మామూలు ర్యామ్‌లోకీ కార్డులోకీ అటూ ఇటూ తిరగడం మొదలవుతుంది, ఆ తిరుగుడే జెర్క్ అయి కనిపిస్తుంది. టెక్స్చర్లు హైకి తగ్గించగానే కంటికి పెద్ద తేడా తెలియలేదు, జెర్కులు మాత్రం సగానికి తగ్గాయి. 8 జీబీ కార్డు ఉన్నవాళ్లు ఏ సిమ్ వేసుకున్నా ముందు ఈ ఒక్క పని చేయండి. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో నెట్ నుంచి వచ్చిన సీనరీని దాచిపెట్టే రోలింగ్ క్యాష్‌కి వేగంగా పనిచేసే డ్రైవ్‌లో చోటివ్వడం కూడా మంచిదే. రోజూ దిగే ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల సీనరీ దాంట్లో నిలిచి ఉంటుంది, ప్రతిసారీ నెట్ కోసం చూడక్కర్లేదు.

ఎక్స్-ప్లేన్ 12 తీరు వేరు. సీనరీ మొత్తం మన డిస్క్‌లోనే ఉంటుంది. రోడ్లు, భవనాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ఆధారంగా నిలబడతాయి. నేల మీద ఉపగ్రహ చిత్రాలు ఉండవు, ఏ ప్రాంతానికి ఎలాంటి నేల అన్న వర్గీకరణని బట్టి రంగులు పరుస్తుంది. కాబట్టి ఊరు ఉంటుంది, మీకు తెలిసిన ఊరు మాత్రం ఉండదు. రోడ్డు సరైన చోటే వంపు తిరుగుతుంది, ఆ వంపులో ఉండాల్సిన గుడో గోపురమో మాత్రం కనిపించకపోవచ్చు. పగటిపూట పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్ తీస్తే ఎక్స్-ప్లేన్ ఓడిపోతుంది, ఇందులో దాచేదేమీ లేదు.

దీనికి ఆర్థో4ఎక్స్‌పీ అనే ఉచిత టూల్ మందు. ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం చొప్పున టైల్స్ తయారుచేసి ఉపగ్రహ చిత్రాలు పరుస్తుంది. జూమ్ లెవెల్ 16 అయితే భూమధ్యరేఖ దగ్గర ఒక్కో పిక్సెల్ సుమారు 2.4 మీటర్లు, 17 అయితే 1.2. ఒక్క మెట్టు ఎక్కితే చిత్రాల సైజు నాలుగింతలవుతుంది. అందుకని ప్రపంచమంతా చేసుకోవాలని ఆశపడొద్దు. నేను ఎగిరే ప్రాంతం మొత్తం 16లో చేసి, ఎయిర్‌పోర్టుల చుట్టూ మాత్రం 17 పెట్టాను. ఓపిక కావాలి, డిస్క్ కావాలి. కానీ ఒకసారి చేసి పెట్టుకుంటే అది ఇక మనదే. సాయంత్రం నెట్ నెమ్మదించినా, సర్వర్ ఆగిపోయినా ఆ కొండ అక్కడే ఉంటుంది. 2024 నవంబర్ 19న మైక్రోసాఫ్ట్ కొత్త వెర్షన్ విడుదలైన రోజున సర్వర్లు తాకిడికి తట్టుకోలేక చాలామంది లోడింగ్ తెర ముందే కూర్చుండిపోయారు. డిస్క్‌లో సీనరీ ఉన్నవాళ్లకి ఆ బెంగ లేదు.

రాత్రి వేళ అయితే నాకు ఎక్స్-ప్లేనే ఇష్టం. లైట్ల వెలుగు నిజమైన కొలతల ప్రకారం లెక్కగట్టడం వల్ల అప్రోచ్ లైట్లు మంచులోంచి మొదట మసకగా, తర్వాత ఒక్కొక్కటిగా తేలి వస్తాయి. కాక్‌పిట్ లైటు తగ్గించగానే బయటి చీకటి విచ్చుకుంటుంది. రాత్రిపూట నేల టెక్స్చర్ ఎలాగూ కనపడదు కాబట్టి దాని పెద్ద లోపం కూడా అక్కడ మాయమవుతుంది.

ఎక్స్-ప్లేన్‌లో ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఎఫ్‌పీఎస్ సుమారు 20 కంటే కిందికి పడిపోతే ఆ సిమ్ ఫిజిక్స్ లెక్క తప్పకుండా ఉండటానికి కాలాన్నే నెమ్మదింపజేస్తుంది. గడియారంలో నిమిషం గడిచినా సిమ్‌లో యాభై సెకన్లే గడిచి ఉండొచ్చు. ఒంటరిగా ఎగిరేటప్పుడు ఇబ్బంది లేదు. వాట్‌సిమ్ లాంటి ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో మాత్రం మీ విమానం వెనకబడిపోయి, కంట్రోలర్ వేసుకున్న వరస మొత్తం చెదురుతుంది. కాబట్టి అందులో 25కి తగ్గకుండా సెట్టింగ్స్ పెట్టుకోవడం తప్పనిసరి.

నా పీసీలో, 8 జీబీ కార్డు, 32 జీబీ ర్యామ్‌తో, సగటు ఎఫ్‌పీఎస్ రెండింటికీ పెద్ద తేడా రాలేదు. తేడా వచ్చింది చివరి 500 అడుగుల్లో. ఒకే రన్‌వేకి పదేసి అప్రోచ్‌లు చేశాను. ఎక్స్-ప్లేన్‌లో మొదటి అప్రోచ్ ఎలా వచ్చిందో పదోదీ అలాగే వచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో పొద్దున పూట చేసినవి వెన్నలా వచ్చాయి, సాయంత్రం చేసినవి అలా రాలేదు. ల్యాండింగ్ సాధన చేసేవాడికి నిన్నటి ల్యాండింగ్‌తో ఇవాళ్టిది పోల్చుకునే వీలుండాలి. తప్పు చేతిదా నెట్‌దా అనే అనుమానం మిగిలితే సాధన సాగదు. అందుకే ల్యాండింగ్‌లు, ఐఎల్ఎస్ (రేడియో సంకేతాల సాయంతో దిగే) అప్రోచ్‌లు నేర్చుకునేవాళ్లకి నా ఓటు ఎక్స్-ప్లేన్‌కే. లోకమంతా పైనుంచి చూసి రావాలన్నదే మీ కోరిక అయితే, నెట్ కూడా నిలకడగా ఉంటే, మైక్రోసాఫ్ట్ వేసుకోండి. మాక్, లినక్స్ వాడేవాళ్లకి ఈ తర్జనభర్జనే అక్కర్లేదు, ఈ రెండింట్లో వాటి మీద నేరుగా నడిచేది ఎక్స్-ప్లేన్ ఒక్కటే.

మైక్రోసాఫ్ట్‌లో 2020నా, 2024నా అంటే, నెట్ బాగుంటే 2024. అది విమానాల్ని, ఎయిర్‌పోర్టుల్ని కూడా చాలావరకు సర్వర్ నుంచే తెచ్చుకుంటుంది కాబట్టి డిస్క్ తక్కువ తింటుంది. నెట్ మీద నమ్మకం లేకపోతే 2020. అందులో నెట్ పోయినా సాదా సీనరీతో ఎగరవచ్చు, కాకపోతే 150 జీబీ చోటు సిద్ధం చేసుకోవాలి.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫ్లైట్‌గేర్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, పాత ల్యాప్‌టాప్‌లో ముచ్చట తీర్చుకోవడానికి చాలు. ఏరోఫ్లై ఎఫ్ఎస్ 4 చాలా నున్నగా నడుస్తుంది, మంచి సీనరీ మాత్రం కొన్ని ప్రాంతాలకే పరిమితం. ప్రిపేర్‌3డీ శిక్షణ సంస్థల కోసం ఉన్నది, ఇప్పుడు ఇంట్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అటు వెళ్లనక్కర్లేదు. 2006 నాటి ఎఫ్ఎస్ఎక్స్ 32-బిట్ ప్రోగ్రామ్, సీనరీ పెంచిన కొద్దీ మెమరీ చాలక మధ్యలో ఆగిపోతుంది.

కొనేముందు ఎక్స్-ప్లేన్ ఉచిత డెమోలో మీ పీసీ సంగతి చూసుకోవచ్చు. స్టీమ్ ఆన్‌లైన్ స్టోర్‌లో కొంటే 14 రోజుల లోపు, రెండు గంటల ఆటకి మించకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆ రెండు గంటల్ని మెనూల్లో, విమానాల రంగులు చూడటంలో ఖర్చు చేయకండి. సెస్నా తీసుకుని, రన్‌వేకి అయిదు మైళ్ల దూరంలో ఫైనల్ మీద (రన్‌వేకి నేరుగా దిగే దారిలో) పెట్టుకుని, ఫ్రేమ్ టైమ్ కౌంటర్ తెరిచి నాలుగు సార్లు దిగండి. అందులో ఒక్కసారైనా సాయంత్రం పూట దిగండి.