తెలుగు సబ్‌టైటిల్స్ పని, ‘పేమెంట్ వెరిఫికేషన్ పెండింగ్’ క్లయింట్: నా బ్యాంకు ఖాతా ఎలా ఫ్రీజ్ అయిందో చదివి జాగ్రత్తపడండి

ఫ్రీలాన్సింగ్ చేసే వాళ్ళందరికీ, ముఖ్యంగా కొత్తగా మొదలుపెట్టిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఇది క్లయింట్ డబ్బు ఎగ్గొట్టిన కథ కాదు. డబ్బు ఇచ్చాడు. ఆ ఇచ్చిన డబ్బే నా కొంప ముంచింది.

నాది రాజమండ్రి, ఆరేళ్ళుగా వీడియో ఎడిటింగ్, సబ్‌టైటిల్స్ చేస్తున్నాను. ఏ ప్లాట్‌ఫామ్‌లో జరిగిందో చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు, రూలు పక్కన పెట్టింది నేనే. జనవరిలో ఒక జాబ్ పోస్ట్ కనిపించింది, 40 వంటల వీడియోలకు తెలుగు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్. రేటు బాగుంది, అలాగని అనుమానం వచ్చేంత బాగా కాదు, ఆ మోతాదు పోస్ట్ పెట్టినవాడికి బాగా తెలుసు. ప్రొఫైల్‌లో పేమెంట్ మెథడ్ వెరిఫై కాలేదని ఉంది, అంతకుముందు ఒక్కరిని కూడా పనికి పెట్టుకోలేదు. మామూలుగా ఇలాంటివి చూడగానే పక్కకి జరిపేస్తాను. కానీ మెసేజ్ తెలుగులో వచ్చింది. ఉండేది డల్లాస్ అట, సొంతూరు తెనాలి అట. "కొత్త కార్డు యాడ్ చేశాను బ్రో, వెరిఫికేషన్ రెండు రోజుల్లో అయిపోతుంది, ఈలోపు మొదటి ఐదు వీడియోలు మొదలుపెట్టేయండి" అన్నాడు. ఫోన్‌లో మాట్లాడినప్పుడు వాళ్ళమ్మ పంపిన గోంగూర పచ్చడి పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిపోయిన సంగతి కూడా చెప్పుకొచ్చాడు. మనవాడే కదా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే నేను పడిపోయింది రేటుకి కాదు, ఆ పచ్చడికి.

‘పేమెంట్ వెరిఫైడ్’ అనే టిక్కు మీద చాలామందికి తప్పు అభిప్రాయం ఉంది, నాకూ ఉండేది. క్లయింట్ ఒక కార్డో బ్యాంకు ఖాతానో జోడించాడు, ప్లాట్‌ఫామ్ దాన్ని సరిచూసుకుంది, ఆ టిక్కుకి అర్థం అంతే. మీ పనికి డబ్బు పక్కన పెట్టాడని కాదు. పక్కన పెట్టడాన్ని ఎస్క్రో అంటారు. ఫిక్స్‌డ్ రేటు కాంట్రాక్టులో మైల్‌స్టోన్ (పనిలో ఒక్కో విడత) దగ్గర ‘ఫండెడ్’ అని కనిపించాకే మన చెయ్యి కీబోర్డు మీదకు వెళ్ళాలి. అప్‌వర్క్ అనే ఫ్రీలాన్సింగ్ సైటునే తీసుకోండి, అలా ఫండ్ అయిన మైల్‌స్టోన్‌కి పని సబ్మిట్ చేశాక క్లయింట్ 14 రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నా డబ్బు దానంతటదే విడుదలవుతుంది. గంటల లెక్కన చేసే పనికైతే పని గంటలు లెక్కపెట్టే వాళ్ళ ట్రాకర్ ఆన్‌లో ఉండాలి, క్లయింట్ పేమెంట్ వెరిఫై అయి ఉండాలి, అప్పుడే రక్షణ.

వెరిఫై కాని క్లయింట్లందరూ దొంగలు కారు, అది కూడా చెప్పాలి. మూడేళ్ళుగా నాకు పని ఇస్తున్న సింగపూర్ మేడమ్ ఒకావిడ ఉన్నారు, మొదట్లో ఆవిడదీ ఇదే పరిస్థితి. వాళ్ళ బ్యాంకు ఆ లావాదేవీని ఆపేస్తే ఫోన్ చేసి క్లియర్ చేయించుకుని మర్నాడు ఫండ్ చేశారు. ఆ ఒక్క రోజూ నన్ను పని మొదలుపెట్టమని మాత్రం అనలేదు.

ఇక మనవాడి సంగతి. ఐదు వీడియోలు చేసి పంపాను, 13,500 రావాలి. వెరిఫికేషన్ కాలేదు. కార్డు రిజెక్ట్ అయిందని స్క్రీన్‌షాట్ పంపాడు, సపోర్ట్‌తో మాట్లాడుతున్నానన్నాడు, వారం గడిచింది. నేను అడగక ముందే తనే, "మీ డబ్బు ఆపడం నాకు ఇష్టం లేదు బ్రో, హైదరాబాద్‌లో మా పార్ట్‌నర్ ఉన్నాడు, యూపీఐ చేయించేస్తా" అన్నాడు. ప్లాట్‌ఫామ్ బయట డబ్బు తీసుకుంటే ఖాతా పోతుందని తెలుసు. కమిషన్ మిగులుతుందన్న ఆశ కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. సరే అన్నాను.

డబ్బు మూడు ముక్కలుగా వచ్చింది. 6,500, 7,000, తర్వాత ఇంకో 5,000. మూడూ మూడు పేర్ల నుంచి, అందులో ఏ పేరూ వాడు చెప్పిన పార్ట్‌నర్‌ది కాదు. అడిగితే "ఆఫీసు స్టాఫ్ బ్రో" అన్నాడు. చివరి 5,000 పొరపాటున ఎక్కువ వచ్చింది, ఫలానా నంబరుకి తిరిగి పంపేయమన్నాడు. ఎవరి డబ్బో మన దగ్గర ఎందుకని అరగంటలో పంపేశాను. నిజాయితీగా ఉన్నాననుకున్నాను, కానీ వాడికి కావలసింది సరిగ్గా అదే.

పదకొండు రోజుల తర్వాత దేవీచౌక్ దగ్గర మందుల షాపులో అమ్మ బీపీ మాత్రలకి 340 రూపాయలు కొడితే ఫెయిల్ అయింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ ఫెయిల్. షాపతను మొహమాటంగా "తర్వాత ఇవ్వండి సార్" అన్నాడు. బ్యాంకుకి వెళితే ఖాతా మీద లియన్ ఉందన్నారు. అంటే డబ్బు కనిపిస్తుంది, తీసుకోలేం. వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి వచ్చిందట. 61,000 ఉన్నాయి అందులో, మొత్తం ఇరుక్కుపోయాయి. ఐదో తారీఖు బండి ఈఎంఐ బౌన్స్, దానికి ఛార్జీలు అదనం. కౌంటర్ దగ్గర నా వెనక నిలబడ్డ పెద్దాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది, సైబర్ నేరగాడంటే ఇలా ఉంటాడా అన్నట్టు.

అసలు జరిగిందేమిటో తర్వాత ఆ బ్రాంచి ఆఫీసరే చెప్పారు. ఎక్కడో ఎవరో ఆన్‌లైన్‌లో మోసపోయారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసో, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్లోనో ఫిర్యాదు ఇచ్చారు. అప్పుడు ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి వెళ్ళిందో వెతుక్కుంటూ పోతారు, దారిలో తగిలిన ఖాతాలన్నిటినీ ఆపుతారు. నాకు వచ్చిన 6,500 అలా పోగొట్టుకున్న మనిషి డబ్బు. పోలీసులకి ఆ అధికారం చట్టంలోనే ఉంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో 102వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 106. మనకి ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు. వాడి కోణంలో చూస్తే ఒకే దెబ్బకి మూడు లాభాలు, ఐదు వీడియోలు ఊరికే అయ్యాయి, దొంగ డబ్బు ఖర్చయింది, 5,000 నా పేరు మీదుగా కడిగి బయటికి వచ్చింది. ఫోన్‌లో దర్యాప్తు అధికారి మొదటి ప్రశ్న కూడా అదే, "ఆ 5,000 ఎవరికి పంపారు?"

నా తల తిన్న మాట ఇంకొకటి మా ఆడిటర్ గారు అన్నారు. "అమెరికాలో ఉన్నవాడు నీకు బాకీ ఉంటే ఇక్కడ ఇంకెవడో తీర్చాడంటే దాన్ని మా రోజుల్లో హవాలా అనేవాళ్ళం, మీరు యూపీఐ అంటున్నారా?" అని. నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. నిజమైన విదేశీ డబ్బు వస్తే బ్యాంకు అది దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతుంది, ఎఫ్ఐఆర్ఏ అనే కాగితం ఇస్తుంది, రేపు పన్ను లెక్కల్లో అది విదేశీ ఆదాయమని చూపించడానికి ఆ కాగితమే ఆధారం. ఎవరిదో సేవింగ్స్ ఖాతా నుంచి వచ్చిన యూపీఐకి ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదే రకం మోసాలు ఇంకొన్ని ఉన్నాయి, తెలిసినంత చెప్పేస్తాను. ‘మా ఇండియా పార్ట్‌నర్ మీకు పేపాల్ చేస్తాడు’ అంటే నమ్మకండి, మన దేశంలోని ఒకరి నుంచి ఇంకొకరికి పేపాల్‌లో డబ్బు పంపే సేవ 2021 ఏప్రిల్ 1 నుంచే లేదు, ఇక్కడివాళ్ళకి బయటి దేశం నుంచే వస్తుంది. మీ డబ్బు హోల్డ్‌లో ఉంది, వెరిఫికేషన్ ఫీజు కడితే విడుదలవుతుంది అని అచ్చం అసలు కంపెనీ పంపినట్టే మెయిల్ వస్తుంది. మెయిల్లో లింకు నొక్కకుండా మీరే యాప్ తెరిచి చూసుకోండి, అక్కడ లేని డబ్బు ఎక్కడా లేనట్టే. విదేశీ బ్యాంకు నుంచి డబ్బు పంపేశామని చూపించడానికి స్విఫ్ట్ కాపీ అని ఒక పీడీఎఫ్ పంపుతారు, దాన్ని ఎవరైనా తయారు చేసుకోవచ్చు. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు వస్తుందని చెబితే ఫోన్ పెట్టేయండి, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఇవన్నీ మీకు తెలిసినవే కావచ్చు, నాకూ తెలుసు, అయినా పచ్చడి దగ్గర పడ్డాను.

ఖాతా ఫ్రీజ్ అయిన వాళ్ళు ఎవరైనా చదువుతుంటే, బ్యాంకువాళ్ళు నోటితో చెప్పింది విని ఇంటికి వచ్చేయకండి. ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషన్, అధికారి మెయిల్, ఎంత మొత్తం మీద లియన్ అనేవి రాతపూర్వకంగా అడగండి. నేను ఇన్‌వాయిస్, జాబ్ పోస్ట్ స్క్రీన్‌షాట్, వాడితో చాట్ మొత్తం, ఫైళ్ళు పంపిన తేదీలు, ఆర్నెల్ల స్టేట్‌మెంట్, పాన్, ఆధార్ కలిపి ఆ స్టేషన్‌కి మెయిల్ చేశాను, స్పీడ్ పోస్టులో కూడా పంపాను. నేనూ పోర్టల్లో వాడి మీద ఫిర్యాదు పెట్టాను, ఆ రసీదు కూడా జతచేశాను. కోపంలో చాట్ డిలీట్ చేయబోయాను, మా తమ్ముడు ఆపాడు, లేకపోతే నేను పని చేశానని చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. ‘ఫ్రీజ్ తీయించేస్తాం, పదివేలు’ అనే ఏజెంట్లు ఫోన్ చేస్తారు, వాళ్ళ జోలికి పోవద్దు. మీ ఖాతాలో పొరపాటున పడిందన్న డబ్బుని సొంతంగా ఎవరికీ తిప్పి పంపవద్దు, ఏం చేసినా మీ బ్యాంకు ద్వారానే.

ఏడు వారాలు పట్టింది. లియన్‌ని ఆ 6,500 వరకు తగ్గించి మిగతాది వదిలారు, ఆ 6,500 ఇంకా అలాగే ఉంది, అది నాకు రాదనే అనుకుంటున్నాను, రాకూడదు కూడా, పోగొట్టుకున్న మనిషికి చేరితే చాలు. పని డబ్బుకి వేరే ఖాతా, ఇంటి ఖర్చుకి వేరే ఖాతా పెట్టుకున్నాను. ముందే చేసి ఉంటే అమ్మ మాత్రలు ఆగేవి కావు.

ఈ పోస్టు ఇవాళే రాయడానికి కారణం ఉంది. మొన్న అదే జాబ్ వేరే ప్రొఫైల్ నుంచి మళ్ళీ వచ్చింది. ఈసారి వంటల వీడియోలు కావు, 40 భక్తి ప్రవచనాల ఆడియోకి తెలుగు ట్రాన్స్‌క్రిప్షన్. పేమెంట్ వెరిఫై కాలేదు, ఒక్క హైర్ లేదు, చివర్లో ‘తెలుగు వాళ్ళకే ప్రాధాన్యం, మనవాళ్ళకి పని ఇవ్వాలని’ అన్న వాక్యం అక్షరం తేడా లేకుండా అదే. రిపోర్ట్ కొట్టాను గానీ రాత్రి చూసినప్పటికి ఇంకా ఉంది, ఇరవై దాకా ప్రపోజల్స్ కూడా పడ్డాయి. మీలో ఎవరైనా అప్లై చేసి ఉంటే వెనక్కి తీసుకోండి, ఇప్పటికే ఫైళ్ళు పంపేసి ఉంటే యూపీఐ ఐడీ మాత్రం ఇవ్వకండి.