మెడ దుకాణం: 90 రోజుల ఫుట్‌బాల్ కోర్సుకి ఒక మేనమామ రివ్యూ

నేను నెల్లూరులో సౌండు, లైటింగు పెడతాను. స్టోన్‌హౌస్‌పేటలో చిన్న గోడౌను. పెళ్ళిళ్ళ సీజన్లో పదిమంది కుర్రాళ్ళు పనిచేస్తారు, మూఢంలో ముగ్గురే. ఫుట్‌బాల్ కోర్సుకి రివ్యూ రాసే అర్హత నీకేముందని అడిగితే ఒకటే చెప్పగలను. స్టేజి మీద ఎవడు ఏం చేస్తే జనం ప్లేటులోంచి తలెత్తి చూస్తారో, ఎవడి చేతిలో ఎంత పడుతుందో 22 ఏళ్ళుగా మిక్సర్ పక్కన నిలబడి చూస్తున్నా. పైగా డబ్బులు కట్టింది నేనే.

కట్టింది 5,999. మా అక్క కొడుకు డిప్లొమా రెండో సంవత్సరం, మెకానికల్. వాడి ఫోనుకి ‘90 రోజుల్లో ఫ్రీస్టైల్ ఫుట్‌బాల్‌ని కెరీర్ చేసుకోండి’ అని యాడ్ వచ్చింది. వాళ్ళమ్మని అడిగే ధైర్యం లేక నా దగ్గరికొచ్చాడు. 64 వీడియోలు, ఆదివారం లైవ్ క్లాసు, మనం పంపిన వీడియో చూసి వారానికోసారి తప్పులు చెప్పడం, చివర్లో కెరీర్ పాఠాలు, సర్టిఫికెట్, ఒక బంతి. కంపెనీ పేరు రాయను. మావాడి లాగిన్ ఇంకా అక్కడ నడుస్తోంది.

తెలియనివాళ్ళకి ఒక మాట. ఇందులో గోలు ఉండదు, పదకొండు మంది ఉండరు, రెఫరీ విజిల్ ఉండదు. ఒక మనిషి, ఒక బంతి. బంతి కింద పడకుండా పాదం, మోకాలు, భుజం, మెడ, నెత్తి మీద ఆడించాలి. పోటీల్లో ఇద్దరు ఎదురెదురుగా దిగి, ముప్పై సెకన్లు ఒకడు, ముప్పై సెకన్లు ఇంకొకడు, మొత్తం మూడు నిమిషాలు ఆడతారు. జడ్జీల్లో ఎక్కువమంది ఎవరి వైపు చెయ్యి చూపిస్తే వాడు గెలిచినట్టు.

ముందు బంతి సంగతి. పదకొండో రోజు వచ్చింది. మామూలు 5 నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. వీళ్ళు పంపింది 4.5 నంబరు. మా వీధి టైలరు దగ్గర టేపు తెచ్చి కొలిస్తే 67 వచ్చింది, మాట తప్పలేదు. పైన గరుగ్గా ఉంది, బూటు మీద జారదు. కానీ గాలి పోసే పిన్ను దగ్గర లీకు. పొద్దున ఆరింటికి పోస్తే ఏడున్నరకి ఎండిన నిమ్మకాయలా అయిపోయేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘సార్, ఫ్రీస్టైల్‌కి కొంచెం మెత్తగానే ఉండాల’న్నారు. కోపమొచ్చింది గానీ, ఆ మాటలో సగం నిజం. మ్యాచ్ బంతికి గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. ఆ పైదాకా పోస్తే పాదం మీద ఆపుదామంటే ఎగిరిపోతుంది. అందుకే ఈ ఆటవాళ్ళు గాలి తగ్గించుకుంటారు. తగ్గించుకోవడం వేరు, దానంతటదే తగ్గడం వేరు కదా సామీ! మూడు మెయిళ్ళు పెట్టాక ఇంకో బంతి పంపారు. ఈలోపల మావాడు ట్రంకు రోడ్డులో 550 పెట్టి మామూలు రబ్బరు బంతి కొనుక్కుని నేర్చేసుకున్నాడు.

ఇక పాఠాలు. ఇక్కడ మాత్రం మొహమాటం లేకుండా మెచ్చుకుంటా. మొదటి ఇరవై వీడియోలు బంగారం. బంతిని పాదంతో తన్నకూడదు, పాదం మీద నుంచి వెనక్కి తిరిగేట్టు లేపాలి, చీలమండ బిగించాలి, నిలబడిన కాలి మోకాలు కాస్త వంగి ఉండాలి అని ఒక్కొక్కటీ స్లోమోషన్లో చూపించారు. ‘ఎరౌండ్ ద వరల్డ్’ అని ఒక విద్య ఉంది. లేచిన బంతి చుట్టూ అదే కాలిని ఒక చుట్టు తిప్పి, కింద పడేలోపు మళ్ళీ అదే పాదంతో అందుకోవాలి. జానెడున్నర ఎత్తు లేచిన బంతి తిరిగి పాదం మీద పడడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకన్లో కాలు గుండ్రంగా తిరిగి రావాలి. మావాడికి అది రావడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి పొద్దున అయిదింటికి పోయేవాడు. అప్పటికే వాకింగ్ వాళ్ళు వచ్చేసి ‘ఏందబ్బయ్యా, ఒక్కడివే ఆడుకుంటుండావు, జట్టు యాడ?’ అని అడుగుతుంటే సిగ్గుపడి మా డాబా ఎక్కాడు. డాబా కింద వాటాలో రిటైర్డ్ హెడ్‌మాస్టారు ఉంటారు. ధబ్ ధబ్ చప్పుడుకి వారం ఓర్చుకుని, ఎనిమిదో రోజు పైకి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పడిపోయినప్పుడల్లా ‘మళ్ళీ’ అంటారు. కోర్సులో లైవ్ టీచరు కన్నా ఆయనే ఎక్కువ పనికొచ్చారు.

ఎందుకంటే లైవ్ క్లాసులో ముప్పైమందే ఉంటారన్నారు, మేం చూసిన ఆదివారం 143 మంది ఉన్నారు. టీచరు హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తాడు. తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయని యాడ్‌లో గొప్పగా రాశారు. అవి మిషన్ రాసినవి. బంతిని మెడ మీద నిలబెట్టడాన్ని ఈ ఆటలో ‘నెక్ స్టాల్’ అంటారు. మా టీవీ మీద వచ్చిన తెలుగు: ‘ఇప్పుడు మీ మెడ దుకాణం తెరవండి.’ మా అక్క ఆ టైముకే కాఫీ తెచ్చింది. చదివి, నా వైపు చూసి, ‘ఆరు వేలు కట్టి మెడలో దుకాణం పెట్టించావంట్రా?’ అంది. అప్పటి నుంచి ఇంట్లో మావాడి ఆటకి అదే పేరు. ‘దుకాణం మూసి అన్నానికి రా’ అని పిలుస్తుంది.

వారానికోసారి తప్పులు చెబుతామన్నది పన్నెండు వారాల్లో నాలుగుసార్లే వచ్చింది. అందులో రెండు ఒకటే మెసేజి, అక్షరం తేడా లేదు. కానీ ఒకటి మాత్రం మనసుపెట్టి చూసి రాశారు. ‘నీ తల బంతితో పాటు కిందికి దిగుతోంది, ఛాతీ పైకి ఉంచు’ అని. మూడు వారాలుగా రానిది ఆ పూటే వచ్చింది. అలాంటి కళ్ళున్న మనిషిని పెట్టుకుని 143 మందికి పంచితే ఎవరికి మిగులుతాడు?

ఇప్పుడు అసలు విషయం, కెరీర్ పాఠాలు. ఆరు వీడియోలు. మొదటిదంతా పెద్దవాళ్ళ కథలే. కొరియా మనిషి వూ హీ యోంగ్ 1989లో 5 గంటల 6 నిమిషాల 30 సెకన్లు బంతి కింద పడనివ్వలేదు. ఇంగ్లండ్ వాడు డాన్ మాగ్నెస్ 2010లో ఏకంగా 26 గంటలు ఆడించాడు. ఫ్రాన్స్ కుర్రాడు షాన్ గార్నియే ఫుట్‌బాల్ క్లబ్బు అకాడమీలో పెరిగి, దెబ్బలు తగిలి ఆ దారి మూసుకుపోయాక ఇటు వచ్చి, 2008లో బ్రెజిల్ సావోపాలోలో రెడ్‌బుల్ స్ట్రీట్ స్టైల్ అనే ఫ్రీస్టైల్ ప్రపంచ పోటీ గెలిచాడు. అదే పోటీ 2012లో జపాన్ వాడు కొటారో టొకుడా, 2014లో ఆండ్రూ హెండర్సన్. మన దేశం నుంచి పుణె అబ్బాయి అర్చిస్ పాటిల్. వినడానికి బాగుంది, మావాడు రెండుసార్లు చూశాడు. కానీ కోటేరు బండి మీద కూర్చున్నవాడికి విమానం ఫొటోలు చూపిస్తే దారి తెలుస్తుందా? గార్నియే ఎట్టా గెలిచాడో చెప్పారు. గెలవనివాడు నెలకి ఎట్టా బతుకుతాడో ఎవరూ చెప్పలేదు.

మిగతా వీడియోల్లో పేజీకి పేరు ఎట్టా పెట్టుకోవాలి, లోగో ఏ రంగులో ఉండాలి, బ్రాండ్లకి మెయిల్ ఎట్టా రాయాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అడ్వాన్సు ఎంత తీసుకోవాలి, దారిఖర్చులు ఎవరు పెట్టుకోవాలి, కాలు మెలికపడితే ఒప్పుకున్న ప్రోగ్రాం ఏం చెయ్యాలి, వీటి మీద ఒక్క మాట లేదు.

కోవూరు దగ్గర కల్యాణ మండపంలో ఒక రిసెప్షన్‌కి మాదే సౌండు. పెళ్ళికొడుకు తండ్రి తెలిసినాయన. ‘మా అల్లుడు ఆరు నిమిషాలు బంతాట ఆడతాడు, మూడువేలు ఇప్పించండి’ అన్నా. ఒప్పుకున్నాడు. ఆ రోజు నేర్చుకున్నది 64 వీడియోల్లో లేదు.

స్టేజి ప్లైవుడ్ మీద కార్పెట్. రెండు పలకలు కలిసే చోట అంగుళం ఎత్తుపల్లం. మావాడు డాబా సిమెంటు మీద నేర్చినవాడు, మొదటి నిమిషంలోనే కాలు మెలికపడబోయింది. అంతకుముందే జంట ఎంట్రీకి పొగ మిషన్, పేపర్ బ్లాస్ట్ వేశాం. వేసింది నేనే, తప్పు నాదే. తడి కార్పెట్ మీద రంగు కాగితాలు, వాటి మీద బూటు. షార్పీలని సన్నటి పదునైన వెలుగు కొట్టే లైట్లు ఎదురుగా కళ్ళల్లో కొడుతుంటే పైకి లేచిన బంతి వెలుగులో మాయమైపోతుంది, కింద పడ్డాకే కనపడుతుంది. మా కుర్రాడికి సైగ చేసి లైట్లు ఆపించేలోపు రెండుసార్లు పడేశాడు. మూడోసారి బంతి మెట్లు దిగి, కుర్చీల మధ్యలోంచి పోయి దోసెల కౌంటరు కిందికి దూరింది. దోసెలాయన గరిటెతో నెట్టి ఇచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు పెద్ద చప్పట్లలో ఒకటి దానికే.

తర్వాత జరిగింది చూడండి. మావాడు ప్రాణం పెట్టి నేర్చిన కాలి విద్యలన్నీ మోకాలి కింద జరిగేవి. నలభై అడుగుల అవతల అన్నం తినేవాడికి ఏం కనపడుతుంది? స్టేజి ముందు పూలకుండీలు అడ్డం. ఎల్‌ఈడీ వాల్ మీద చూపిద్దామంటే కెమెరామన్ పెళ్ళికూతురి మీద నుంచి కదలడు. వాడి తప్పు కాదు, వాడికి డబ్బులిచ్చింది అందుకే. టొజానీ అని డచ్చి ఆటగాడి పేరు పెట్టుకున్న విద్య ఒకటి, నాలుగు నెలల కష్టం, దానికి ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. కానీ బంతిని మెడ మీద నిలబెట్టి, పడకుండా కోటు విప్పి, మళ్ళీ తొడుక్కుంటే మండపం మొత్తం అరిచింది. చివర్లో బంతిని వేలి మీద తిప్పి, తిరుగుతుండగానే పెళ్ళికొడుకు వేలి మీద పెట్టాడు. ఆ ఫొటో ఇప్పుడు వాళ్ళింటి హాల్లో ఉంది. మెడ దుకాణమే అన్నం పెట్టింది.

జడ్జీలు చూసేది వేరు, జనం చూసేది వేరు. మా చిన్నప్పుడు సంతపేటలో గారడీవాడు ముందు డప్పు కొట్టి, జనాన్ని గుండ్రంగా నిలబెట్టి, ఒక పిల్లవాడిని మధ్యలోకి లాగి, ఆ తర్వాతే సంచి విప్పేవాడు. ఈ కోర్సు సంచిలో సరుకు బాగా నింపింది, డప్పు కొట్టడం నేర్పలేదు. అర్థమయ్యాక మావాడూ నేనూ గోడౌన్లో కూర్చుని ఆరు నిమిషాల్ని మళ్ళీ కట్టాం. మొదటి నిమిషం నెత్తి, భుజం, పైపైనే. మధ్యలో ఒక పిల్లని స్టేజి మీదికి పిలవడం. కాలి విద్యలు ముప్పై సెకన్లే, అదీ మావాడి తృప్తికి.

లెక్క చెప్పమంటారా? ఏడు నెలల్లో కోవూరు 3,000. ఒంగోలులో ఒక స్కూలు స్పోర్ట్స్ డే 2,000, ఒక బ్యాగు. కావలిలో సెల్‌ఫోన్ షాపు ఓపెనింగ్ 1,500. ఒంగోలు నుంచి వచ్చిన వీడియో చూసి మా లేఅవుట్ పిల్లలు వెంటపడితే ఆదివారం క్లాసు పెట్టాడు, ఎనిమిదిమంది, నెలకి 500, రెండు నెలలకి 8,000. మొత్తం 14,500. ఖర్చు: కోర్సు 5,999, రబ్బరు బంతి 550, బూట్లు 2,400, ఫోను స్టాండు 650, కావలి, ఒంగోలు బస్సు ఛార్జీలు, టిఫిన్లు కలిపి 800. అంటే 10,399. మిగిలింది 4,101. నా దగ్గర కుర్చీలు మోసే కుర్రాడికి ఏడు రోజుల కూలి కన్నా తక్కువే. మా అక్కకి ఈ లెక్క చూపించలేదు. దయచేసి ఎవరూ చెప్పకండి.

అయినా ఆ 8,000 వైపు చూడండి. ప్రోగ్రాముల కన్నా పిల్లలకి నేర్పడంలోనే ఎక్కువ వచ్చింది. అదీ డిప్లొమా మానకుండా, వారానికి ఒక పూట. ‘90 రోజుల్లో కెరీర్’ అన్న చోట ‘90 రోజుల్లో పది విద్యలు’ అని రాసి ఉంటే 5కి 4 ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు పాఠాలకి 4, లైవ్ క్లాసుకి 2, బంతికి 2, కెరీర్ పాఠాలకి అర. సబ్‌టైటిల్స్‌కి 5, మా ఇల్లంతా నవ్వింది.

కొనాలనుకునేవాళ్ళు కెరీర్ పాఠాలు లేని చిన్న ప్యాకేజీ అడగండి, 2,499కి ఉంది. యాడ్‌లో చూపించరు, ఫోన్ చేస్తే చెబుతారు. మాకు ఆలస్యంగా తెలిసింది. బంతి ఇక్కడే కొనుక్కోండి. నేర్చిందాన్ని ముందు మీ వీధిలో ముసలాళ్ళకి చూపించండి. వాళ్ళు లేచి వెళ్ళిపోకపోతే అప్పుడు రేటు మాట్లాడదాం.

మొన్న కంపెనీ నుంచి మళ్ళీ ఫోను, అడ్వాన్స్‌డ్ కోర్సు 8,999 అని. మావాడు నా మొహం చూశాడు. ‘ఆదివారం పిల్లల డబ్బుల్లోంచి కట్టుకో అల్లుడూ, నాకేం అభ్యంతరం లేదు’ అన్నా. రెండు రోజులు ఆలోచించి, ‘వద్దులే మామా, ఒక రబ్బరు మ్యాట్ కొందాం’ అన్నాడు. వచ్చే శుక్రవారం గూడూరులో రిసెప్షన్. సగం అడ్వాన్సు వచ్చింది. మ్యాట్ కొలతలు తీసుకున్నాం, ప్లైవుడ్ నేనే దగ్గరుండి బిగిస్తున్నా. పొగ మిషన్ గోడౌన్లోనే ఉంటుంది.